సూర్యుడు అందరివాడు, పొలం పట్టాదారుది

కిందటి వేసవిలో హైదరాబాదులో జరిగిన ఒక సమావేశానికి నన్ను కూడా పిలిచారు. పునరుత్పాదక ఇంధనం, అంతర్జాతీయ సహకారం అన్నది చర్చనీయాంశం. విదేశీ నిధుల సంస్థల నుంచి వచ్చినవాళ్ళు, అధికారులు, మనలాంటి స్వచ్ఛంద సంస్థల వాళ్ళు, అందరూ కలిపి వందమందికి తక్కువ లేరు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి పటాలు నడిచాయి. ఏ దేశం ఎన్ని గిగావాట్లు పెట్టింది, ఇంకా ఎన్ని పెట్టాలి, అందుకు ఎన్ని కోట్ల డాలర్లు కావాలి. రెండు గంటలు విన్నాక నేను చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగాను: సౌర పార్కు కింద పోయిన పొలంలో నిన్నటిదాకా కలుపు తీసిన ఆడకూలీకి ఈ లెక్కల్లో ఏ గడిలో చోటుంది?

వేదిక మీదివాళ్ళు మర్యాదగానే దాటవేశారు. అది నాకు కొత్త కాదు. టీ తాగే సమయంలో, మహిళా ఉద్యమంలో ఇరవయ్యేళ్ళుగా నాకు తెలిసిన ఒక మిత్రురాలు పక్కకొచ్చి, "బొగ్గు కంపెనీలకు కావలసింది కూడా ఇదే కదక్కా? ఇప్పుడు సోలార్ మీద మనం నోరు విప్పితే లాభం ఎవరికి?" అంది. ఆ మాటకు అక్కడే జవాబు చెప్పలేకపోయాను. బస్సెక్కాక, ఇంటికొచ్చాక, ఇన్ని నెలలూ ఆ జవాబు నాలో నలుగుతూనే ఉంది. ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా నా మీద ఉన్న అనుమానం తీర్చుకోవాలి. 2010 జూలైలో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. రెండు చోట్లా మనుషులు చనిపోయారు. రెండు చోట్లా బీలను, అంటే చిత్తడి నేలను, కాపాడుకోవడానికి ముందు వరసలో నిలబడింది ఆడవాళ్ళే. ఆ తర్వాత వెళ్ళిన నిజనిర్ధారణ బృందంలో నేనూ ఉన్నాను. చేపలు, గడ్డి, తుంగ, సాగునీరు అన్నీ ఆ బీల నుంచే అని ఆ ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. బొగ్గు అంటే ఏమిటో నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. భూగోళం వేడెక్కుతోందన్నదీ నేను కాదనను. అనంతపురం ఎండల్లో పనిచేసే మనిషిని, ఎలా కాదంటాను?

అంతర్జాతీయ సహకారం అక్కర్లేదని కూడా నేననడం లేదు. అది చాలదని, ఉన్నది కూడా వంకరగా ఉందని అంటున్నాను. ఎండ దండిగా కాసే దేశాల్లో పెట్టుబడి లేదు. పెట్టుబడి ఉన్న దేశాల్లో అంత ఎండ లేదు. గత రెండు దశాబ్దాల్లో పునరుత్పాదక ఇంధనం మీద ప్రపంచం పెట్టిన పెట్టుబడిలో ఆఫ్రికా ఖండం మొత్తానికీ వచ్చింది దాదాపు 2 శాతమేనని అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ, అంటే 2009లో ఏర్పడి అబుదాబి కేంద్రంగా నడుస్తున్న ఇరెనా, తానే చెప్పింది. 2024 నవంబరులో బాకూలో జరిగిన వాతావరణ సదస్సులో బీద దేశాలు ఏడాదికి 1,30,000 కోట్ల డాలర్లు కావాలని అడిగితే, ధనిక దేశాలు ముందుండి 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్లు సమకూరుస్తామన్నాయి. అదంతా ప్రభుత్వ సహాయం కూడా కాదు. అప్పులు, ప్రైవేటు పెట్టుబడి కలిపిన మాట. భారత ప్రతినిధి ఆ సభలోనే అభ్యంతరం చెప్పింది. ఆ విషయంలో మన ప్రభుత్వంతో నాకు పేచీ లేదు. రెండు వందల ఏళ్ళు బొగ్గు కాల్చి బలిసినవాళ్ళు బాకీ తీర్చాల్సిందే.

నా పేచీ ఆ బాకీ డబ్బు మన ఊరికి చేరే దారిలో మొదలవుతుంది.

పావగడ గురించి చెబుతాను. ఇది కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా. పటంలో చూస్తే దాదాపు మూడు వైపులా ఆంధ్రే చుట్టుకుని ఉంటుంది. ఊళ్ళలో తెలుగు ధారాళంగా వినబడుతుంది. కరువు సీమ. వేరుశనగ, కొద్దిగా రాగి, గొర్రెలు, లేకపోతే బెంగుళూరుకు వలస. అక్కడ తిరుమణి, వళ్ళూరు మొదలైన ఐదు గ్రామాల భూముల్లో 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. 2018లో ప్రారంభించి, 2019 చివరికి పూర్తి చేశారు. కట్టినప్పుడు అది ప్రపంచంలోని అతి పెద్ద సౌర పార్కుల్లో ఒకటి. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఫిన్లండు కంపెనీ ఉంది, జపాను కంపెనీ ఉంది. విదేశీ ప్రతినిధులు వచ్చి చూసి, ఫొటోలు దిగి వెళ్ళారు. అంతర్జాతీయ సదస్సుల్లో ఆదర్శంగా చూపించారు, కారణం ఏమిటంటే ఇక్కడ భూమిని బలవంతంగా సేకరించలేదు, రైతు నుంచి కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరునే ఉంటుంది.

రైతు వైపు నుంచి చూస్తే ఇది మంచి ఒప్పందమే. వానల్లేక వేరుశనగ ఎండిపోయి అప్పుల్లో మునిగిన మనిషికి ఏటా తప్పకుండా వచ్చే డబ్బు. ఎకరాలు ఎక్కువ ఉన్నవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు, కార్లు కొన్నారు. ఇవ్వనివ్వండి, నాకు ఏడుపు లేదు. పార్కు పూర్తయిన తర్వాత నేను అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. మొదటి రెండు రోజులు నాకు కలిసినవాళ్ళంతా మగవాళ్ళే, అందరూ పట్టాదారులే, అందరూ సంతోషంగానే ఉన్నారు. మూడో రోజు పొద్దున్నే ఊరి చివరి ఎస్సీ కాలనీకి వెళ్ళాను. అక్కడ పట్టా ఉన్న ఇళ్ళు తక్కువ. అరుగు మీద కూర్చున్న ఒకావిడ, వయసు యాభై దాటి ఉంటుంది, నన్ను చూసి నవ్వింది. "మా దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు తల్లీ. అందరూ ఆ కంచె కాడికొచ్చి ఆ కంచె కాడినుంచే ఎనక్కి పోతారు" అంది.

ఆవిడ చెప్పిన లెక్క ఇది. విత్తనాల నుంచి మొదలుపెడితే కలుపు, కాయ పీకడం, ఒలవడం, అన్నీ ఆడవాళ్ళ పనులే. వాన పడిన ఏడు నాలుగైదు నెలలు ఊళ్ళోనే కూలి దొరికేది. కూలితో పాటు ఏరుకున్న కాయలు, మేకకు గట్ల మీది గడ్డి, పొయ్యిలోకి కంప. కంచె పడ్డాక కూలీ పోయింది, గడ్డీ పోయింది, కంపా పోయింది. మేకలు అమ్మేశారు. "భూమి వాళ్ళదే, కాదనము. ఆ భూమిలో మా చెయ్యి పడకుండా ఏం పండింది?" అని అడిగింది. కూతురూ అల్లుడూ బెంగుళూరులో కట్టడం పనికి పోయారు, మనవడిని ఈవిడ దగ్గర వదిలారు. పార్కులో ఉద్యోగాలు రాలేదా అంటే, మగపిల్లలకు కొందరికి సెక్యూరిటీ పని, ఆడవాళ్ళకు కొందరికి పలకల మధ్య గడ్డి కోసే పని, పలకలు కడిగే పని. అదీ కంట్రాక్టరు కింద, అతను పిలిచిన రోజునే. నిన్నటిదాకా మేకకు కోసుకున్న గడ్డిని ఇవాళ వేరేవాళ్ళ కోసం కూలికి కోస్తున్నారు. ఆ గడ్డి ఇంటికి తెచ్చుకోనిస్తారా అని అడిగాను. ఒక్కోసారి ఇస్తారట, ఒక్కోసారి గేటు దగ్గర ఆపుతారట.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. మన సంఘాలు పట్టించుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం కోసం దేశమంతటా జనం ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ చట్టం 'బాధిత కుటుంబం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో భూమి లేని వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలికి చేసేవాళ్ళు, చేతివృత్తులవాళ్ళు, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పని మీద బతికినవాళ్ళు, అందరూ ఉన్నారు. వితంతువులను, విడాకులు పొందినవాళ్ళను, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలని కూడా ఉంది. సామాజిక ప్రభావ అంచనా జరగాలని ఉంది. ఇంత చేసి, ప్రభుత్వం భూమిని 'సేకరించకుండా' కౌలుకు తీసుకుంటే ఆ చట్టం ఊసే రాదు. పట్టాదారుకూ కంపెనీకీ మధ్య అది సొంత వ్యవహారం అయిపోతుంది. కూలి చేసే ఆడది చట్టంలోకి వచ్చినట్టే వచ్చి, కౌలు ఒప్పందం అన్న పక్క తలుపు గుండా బయటికి పోయింది.

అంతటితో అయిపోలేదు. బొగ్గు కేంద్రం పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. సోంపేట జనం 2009లో ఆ సభలోనే మొదట గొంతెత్తారు. అది నాటకమే అయినా, షామియానా కింద కలెక్టరు ఎదుట మైకు పట్టుకుని అరవడానికైనా ఒక చోటు. సౌర పార్కులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకే రావు. పొగ లేదు కాబట్టి అంచనా అక్కర్లేదట. 13,000 ఎకరాల రూపు మారిపోతున్నా ఒక్క బహిరంగ సభ పెట్టనక్కర్లేదు. నా మిత్రురాలికి నేనడిగేది ఇదే: బొగ్గు మీద పోరాడడానికి మనకు దొరికిన ఆ కాస్త చోటును సౌరవిద్యుత్తు దగ్గర ఎందుకు వదులుకోవాలి?

అప్పిచ్చేవాళ్ళ నిబంధనలు చూద్దామా? ప్రపంచ బ్యాంకు 2018 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న సామాజిక, పర్యావరణ ప్రమాణాల్లో ఐదవది భూమికి, పునరావాసానికి సంబంధించింది. స్వచ్ఛందంగా జరిగే క్రయవిక్రయాలకు అది వర్తించదు. అయితే అమ్మినవాడు కాక ఆ నేల మీద ఉంటున్నవాళ్ళు, దాన్ని వాడుకుంటున్నవాళ్ళు, హక్కు చెప్పుకుంటున్నవాళ్ళు నిర్వాసితులైతే వర్తించవచ్చు అని ఒక మినహాయింపు ఉంది. బాగానే ఉంది. కానీ పరుల పొలంలో కూలి చేసే స్త్రీ ఆ పొలాన్ని 'వాడుకుంటున్నట్టా', కాదా? గట్టు మీద గడ్డి కోసుకోవడం 'వాడుక' కిందికి వస్తుందా? ఇది తేల్చేది ఆమె కాదు, నివేదిక రాసే కన్సల్టెంటు. పైగా ఇదంతా బ్యాంకు డబ్బు ఉన్న పథకానికే. ప్రైవేటు పెట్టుబడి వచ్చిన చోట ఎవరి స్వీయ ప్రమాణాలు వాళ్ళవి, ఇంగ్లీషులో, వెబ్‌సైటులో.

ఈ రోగం సౌరవిద్యుత్తుతో పుట్టలేదు, కౌలుతోనూ పుట్టలేదు. మన అనంతపురం సీమలోనే చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో కల్పవల్లి అనే కొండభూమి ఉంది. 1990ల తొలి రోజుల్లో అది బోడి గుట్టలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో మేతను అదుపు చేసి, నిప్పు పడకుండా కాచి, నీటిని నిలబెట్టి వేల ఎకరాల్లో అడవిని తిరిగి తెచ్చుకున్నారు. బోదగడ్డి, ఈతాకు, వంటచెరకు, గొర్రెల మేత అక్కడి నుంచే. అయితే రెవెన్యూ రికార్డుల్లో అది అప్పటికీ 'బంజరు'. 2010 తర్వాత ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. రెక్కలు మోసుకొచ్చే పొడవాటి లారీలు తిరగడానికి కొండల్ని తొలిచి దారులు వేశారు, మట్టి జారి వాగుల్లో పడింది. అంతర్జాతీయ సహకారం ఇక్కడ క్యోటో ఒప్పందం రూపంలో వచ్చింది. ఆ ఒప్పందం కింద స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం అని ఒకటి ఏర్పాటు చేశారు. బీద దేశంలో ఒక పవన విద్యుత్ కేంద్రం పెడితే, ఇంత కర్బనం ఆగిందని లెక్కగట్టి పత్రాలిస్తారు. ధనిక దేశాలవాళ్ళు వాటిని కొని తమ కాలుష్యం ఖాతాలో చెల్లువేసుకుంటారు. ఈ గాలిమరల పథకం అందులో నమోదయింది. ఇరవయ్యేళ్ళు చెట్టు పెంచినవాళ్ళ చాకిరీకి ఆ ఖాతాలో పేరు లేదు. పెంచిన అడవి బంజరు, దాన్ని తవ్వి నాటిన మర స్వచ్ఛం!

'బంజరు' అన్న మాట మీద మనం ఒక సంచిక మొత్తం తేవాలి. అప్పటి అనంతపురం జిల్లాలోనే ఎన్.పి. కుంట సౌర పార్కు దగ్గర కూడా గొడవ దాని చుట్టే తిరిగింది. తరతరాలుగా సాగు చేస్తున్నారు, చేతిలో కాగితం లేదు. కాగితం లేకపోతే పరిహారం లేదు. ఆడవాళ్ళకు కాగితం ఉండడం ఎంత అరుదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పాలా?

ఉద్యోగాలు వస్తాయి కదా అంటారు. ఇరెనా 2019లో వేసిన లెక్క ప్రకారం పునరుత్పాదక ఇంధన రంగంలో పనిచేసేవాళ్ళలో స్త్రీలు 32 శాతం. చమురు, గ్యాసు రంగంలో 22 శాతమే కాబట్టి ఇది గొప్పేనని చెప్పుకుంటారు. అందులో సాంకేతిక ఉద్యోగాల్లో స్త్రీలు 28 శాతం, ఆఫీసు పనుల్లో 45 శాతం. పలకలు తుడిచే కంట్రాక్టు కూలీలు ఏ గడిలో ఉన్నారో నేను వెదికాను, నాకు దొరకలేదు.

సహకారం ఇలాగే ఉండి తీరాలన్న శాపమేమీ లేదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. 2008 నుంచి భారత ప్రభుత్వ సాంకేతిక సహకార పథకం డబ్బుతో ఆఫ్రికా, ఇంకా ఇతర దేశాల పల్లెల నుంచి చదువురాని నడివయసు ఆడవాళ్ళను అక్కడికి పిలిపించారు. ఆరు నెలలు సైగలతో, రంగుల గుర్తులతో నేర్పి, సౌర దీపాలు బిగించి బాగుచేసేవాళ్ళుగా తిరిగి పంపారు. దీనిలో లోపాలు లేవని కాదు. కానీ ఇచ్చిపుచ్చుకోవడం ఒక చేతి నుంచి ఇంకో చేతికి జరిగింది, మధ్యలో మెగావాట్లు లేవు. దక్షిణాది దేశాల మధ్య సహకారం అంటే నాకు తోచే బొమ్మ ఇది. 2015లో భారత్, ఫ్రాన్స్ కలిసి పారిస్‌లో మొదలుపెట్టిన అంతర్జాతీయ సౌర కూటమి గురుగ్రామ్‌లో ఆఫీసు పెట్టుకుని, 2030 నాటికి లక్ష కోట్ల డాలర్ల పెట్టుబడి రాబడతానంటోంది. తిలోనియా నుంచి గురుగ్రామ్ ఎంతో దూరం లేదు.

ఇక పొయ్యి సంగతి. ఇది రాయడం నాకు కష్టం, ఎందుకంటే ఇందులో నా తప్పు ఉంది.

1981 ఆగస్టులో నైరోబీలో ఐక్యరాజ్యసమితి నూతన, పునరుత్పాదక ఇంధన వనరుల మీద సదస్సు పెట్టింది. ఈ విషయం మీద ప్రపంచ దేశాలన్నీ కూర్చున్న మొదటి పెద్ద సభ అదే. ఇందిరాగాంధీ వెళ్ళి మాట్లాడింది. ఆ సభ నాటికి వంటచెరకు కొరత పెద్ద చర్చ. మోపు మోసే ఆడది అంతర్జాతీయ వేదిక మీదికి వచ్చింది అప్పుడే. ఆ గాలిలోనే మన దేశంలో 1980ల్లో మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలయింది. మన ఊళ్ళలో పొగలేని పొయ్యి అన్నారు. 1990లలో ఒక సంస్థ కార్యకర్తగా నేను ఆ పొయ్యిలు వేయించాను. పొయ్యి వేశాక రిజిస్టరులో ఇంటామె వేలిముద్ర తీసుకోవాలి, అంతే. ఆర్నెల్లకు గొట్టం మసి పట్టి మూసుకుపోయినా, పెద్ద కుండ కూర్చోక పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకున్నా, అది మా లెక్కలోకి రాదు. ఒక ముసలామె నన్ను పిలిచి, "ఇదిగో, నీ పొయ్యిలో కోడి గుడ్లు పెట్టింది" అని చూపించింది. నేను నవ్వి వచ్చేశాను. ఆ పొయ్యి కూడా రిజిస్టరులో ఉంది. 2002లో కార్యక్రమం ఆపేసేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేసినట్టు లెక్క. అందులో నేను రాసిన లెక్క కూడా ఉంది.

ఆ తర్వాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల, 2024లో మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత బండలు. ఆడవాళ్ళకు మేలు జరగలేదని నేననను. గ్యాసు వెలిగించినప్పుడు కళ్ళు మండవు, ఆ సుఖం నాకూ తెలుసు. అయితే అది మన దేశానికి సగానికి పైగా బయటి నుంచి వచ్చే ఇంధనం. ధర పెరిగితే బండ మూలన పడుతుంది, కంప మోపు మళ్ళీ తలకెక్కుతుంది. ఇన్ని సౌర ఒప్పందాలు జరుగుతుంటే వాటిలో వంటింటికి వచ్చే వాటా ఏది?

2023 డిసెంబరులో దుబాయిలో ప్రపంచ దేశాలు పునరుత్పాదక ఇంధనాన్ని 2030 నాటికి మూడు రెట్లు చేయాలని తీర్మానించాయి. 11,000 గిగావాట్లు. ఇది కరెంటు ఉత్పత్తి సామర్థ్యం లెక్క. పొయ్యి దీనిలోకి రాదు. ప్రపంచంలో సుమారు 210 కోట్లమంది ఇంకా పొగ పొయ్యిల మీదే వండుకుంటున్నారు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2024లో స్వచ్ఛ ఇంధనం పేరిట ప్రపంచం పెట్టిన పెట్టుబడి దాదాపు 2 లక్షల కోట్ల డాలర్లు. అదే ఏడాది మే నెలలో ఆఫ్రికాలో వంట ఇంధనం మీద పారిస్‌లో ప్రత్యేకంగా సభ జరిపి, ప్రభుత్వాలు, కంపెనీలు అందరూ కలిసి ఇస్తామన్నది 220 కోట్ల డాలర్లు. సహారాకు దిగువ దేశాలకు ఏడాదికి 400 కోట్లు కావాలని ఆ సభ పెట్టినవాళ్ళే చెప్పారు. మోపు మోసే స్త్రీతో నైరోబీలో మొదలైన సంభాషణ దుబాయికి వచ్చేసరికి ఆమెను ఎక్కడ దింపేసింది? దారిలో ఎవరూ గమనించలేదా?

కాబట్టి నా మిత్రురాలికి నా జవాబు: మనం నోరు విప్పకపోతే లాభం బొగ్గుకే. పావగడ కాలనీలో కూర్చున్న ఆవిడకు సౌరవిద్యుత్తు అంటే కంచె అని అర్థమైన నాడు, రేపు బొగ్గు కంపెనీవాడు వచ్చి అందరికీ కూలి ఇస్తానంటే ఆవిడ ఎవరి వెనక నడుస్తుంది?

ఇది తొందర పడవలసిన సమయం కూడా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. 10 లక్షల కోట్ల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు అంటోంది. 2,050 మెగావాట్లకు 13,000 ఎకరాలు పట్టిన పావగడను గుర్తుపెట్టుకుని ఎవరికి వాళ్ళు గుణించుకోండి. అన్నీ సౌర పార్కులే కావు, నిజమే. అయినా ఆ భూమంతా ఎక్కడినుంచి వస్తుంది? రాయలసీమ మెట్ట నుంచి, 'బంజరు' నుంచి.

మనం అడగవలసింది అసాధ్యమైనదేమీ కాదు. 2013 చట్టంలోని బాధిత కుటుంబం నిర్వచనాన్ని కౌలు ఒప్పందాలకు కూడా వర్తింపజేయాలి. కౌలు సొమ్ములో ఒక భాగం నేరుగా భూమి లేని కుటుంబాలకు, ఆడవాళ్ళ పేరున చేరాలి. ఎంత భాగమన్నది గ్రామసభలో తేలాలి, ఆ సభకు సంతకాలు చేయించుకుని పంపేసే పద్ధతి పోవాలి. పెద్ద సౌర, పవన పథకాలకు బహిరంగ విచారణ ఉండాలి. కంచె లోపల మేతకు, గడ్డికి హక్కు రాసివ్వాలి. పలకల కింద మేక మేస్తే కరెంటు ఆగిపోదు. అప్పిచ్చే బ్యాంకులు, పెట్టుబడి పెట్టే దేశాలు ఇవి ఒప్పుకుంటేనే సంతకం చేయాలని, వాళ్ళ దేశాల్లోని మహిళా సంఘాల ద్వారా వాళ్ళను నిలదీయాలి. 1995లో బీజింగ్ సదస్సు తర్వాత మనం కట్టుకున్న ఆ సంబంధాలన్నీ దేనికి, కార్డులు పంపుకోవడానికా?

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ పార్కులకు ముందు జరిగే 'సంప్రదింపులు' ఎవరు నడుపుతున్నారు? చాలాచోట్ల మన స్వచ్ఛంద సంస్థలే. పొదుపు సంఘం ఆడవాళ్ళను పిలిచి, బిస్కెట్లు పెట్టి, హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకుని, 'స్త్రీలను సంప్రదించాం' అని నివేదికలో రాసేది మనవాళ్ళే. పొగలేని పొయ్యి రిజిస్టరుకూ ఈ హాజరు పట్టీకీ తేడా ఏమిటో నాకు కనబడడం లేదు. ఒక తరం ఒకసారి చేసిన తప్పు, అదే చేత్తో రెండోసారి చేస్తున్నాం.

మా జిల్లాలో కౌలుకు భూములు అడుగుతున్నారని తెలిసిన ఒక ఊళ్ళో మేం ఈ శీతకాలం ఒక పని మొదలుపెట్టాం. ఒప్పందం రాకముందే ఆ భూముల మీద ఎవరెవరు బతుకుతున్నారో రాసి పెట్టుకోవడం. సర్వే నంబరు వారీగా ఎవరు కలుపు తీస్తారు, ఎవరి మేకలు మేస్తాయి, చింతకాయ ఎవరు రాలుస్తారు, కంప ఎవరు కొడతారు, ఏ నెలలో ఎన్నాళ్ళు. రైతులు కొందరు కోపగించుకున్నారు, వచ్చే కౌలును చెడగొడుతున్నామని. వాళ్ళతో కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది, ఇంకా మాట్లాడుతున్నాం. మొదటి విడత రాసిన పుస్తకం తీసి చూస్తే, మా సొంత కార్యకర్తలే సగం గడుల్లో ఇంటి మగవాళ్ళ పేర్లు రాశారు. అడిగితే, "ఆయన పేరు చెప్పమందమ్మా, అదే రాశాం" అన్నారు. ఆ పేజీలన్నీ మళ్ళీ రాస్తున్నాం. ఇలాంటి పని ఇంకెక్కడైనా మొదలుపెట్టినవాళ్ళుంటే, ఏ గడులు పెట్టారో, గ్రామసభలో దాన్ని ఎలా దాఖలు చేశారో ఈ పత్రికకు రాయండి. మాకు సంక్రాంతి లోపల కావాలి.